మున్నేరు నుంచి మూసీకి

2024 సెప్టెంబరు 1 తర్వాత మా వాడికి వాన చప్పుడు గిట్టదు. ఆ రోజు ఖమ్మంలో మున్నేరు 36 అడుగులు దాటింది. బొక్కలగడ్డలో మా అద్దె ఇంట్లో ఫ్యాను రెక్కల దాకా నీళ్లు. ఎదురింటి వాళ్లు కేకేసి పిలిస్తే వాళ్ల డాబా ఎక్కాం. పొద్దుటి నుంచి రాత్రి దాకా అక్కడే. ఎవరో తెచ్చిన అటుకులు ఇరవై మందిమి పంచుకున్నాం. అదే రోజు ప్రకాశ్‌నగర్ బ్రిడ్జి మీద తొమ్మిది మంది చిక్కుకుపోయారు. వాతావరణం బాగోక హెలికాప్టర్ రాలేకపోయింది. చివరికి హర్యానా నుంచి బతుకుదెరువుకొచ్చిన ఒక జేసీబీ డ్రైవర్ బండి తీసుకుని వరదలోకి వెళ్లి వాళ్లను తీసుకొచ్చాడు. ఆ సంగతి మా వాడికి కంఠతా వచ్చు. ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెప్తాడు.

2025 వేసవి సెలవుల్లో వాడిని వారం రోజులు మేనమామ దగ్గర ఉంచుదామని మే 7న సాతవాహన రైలు ఎక్కాం. మంచి రోజే చూసుకున్నాం! ముందు రాత్రే ఆపరేషన్ సిందూర్ జరిగింది. బోగీలో ఏ ఫోన్ చూసినా అదే వార్త. దానికి తోడు ఆ సాయంత్రం దేశమంతా సివిల్ డిఫెన్స్ మాక్ డ్రిల్. హైదరాబాద్‌లో నాలుగు గంటలకు సైరన్లు మోగుతాయని, సికింద్రాబాద్, గోల్కొండ, కంచన్‌బాగ్, మౌలాలిల్లో డ్రిల్ ఉంటుందని చెప్తున్నారు. ఎదురు సీటు పెద్దాయన 1971 యుద్ధంలో కిటికీ అద్దాలకు నల్ల కాగితాలు అంటించిన కథ మొదలుపెట్టాడు. మహబూబాబాద్‌లో మొదలైన ఆ కథ కాజీపేట దాటినా తెగలేదు.

సికింద్రాబాద్‌లో మా బావమరిది పాత ఆల్టో వేసుకుని వచ్చాడు. వాడు సీఆర్పీఎఫ్‌లో చేరి, డిప్యుటేషన్ మీద కొన్నేళ్లు ఎన్డీఆర్ఎఫ్‌లో, అంటే జాతీయ విపత్తు స్పందన దళంలో, పనిచేశాడు. గన్నవరం దగ్గర కొండపావులూరులో ఉండే పదో బెటాలియన్. ఆంధ్రా, తెలంగాణ రెండింటికీ అక్కడి నుంచే. మోకాలు దెబ్బతిన్నాక రిటైర్మెంట్ తీసుకుని ఇప్పుడు లంగర్‌హౌజ్‌లో ఉంటున్నాడు.

కారెక్కగానే మా వాడు అడగాల్సింది అడిగేశాడు. "మామయ్యా, ఆ రోజు మా సందులోకి బోటు ఎందుకు రాలేదు?"

బావమరిది తడుముకోలేదు. "బోటు దాన్నుంచిన చోటు నుంచి రావాలి కదరా. లారీ ఎక్కించాలి, రోడ్డు తెగిపోతే చుట్టూ తిరగాలి. మేం ఎంత పరిగెత్తినా, ముందు చెయ్యి అందించేది పక్కింటోళ్లే. అది మాకు ట్రైనింగ్‌లోనే చెప్తారు. సరే, నీకొక చెట్టును చూపిస్తా పద."

ఇంటికి పోకుండా నేరుగా అఫ్జల్‌గంజ్ తీసుకెళ్లాడు. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో, మూసీ వైపున, ఆ చింతచెట్టు ఉంది. హైదరాబాద్‌కు వందసార్లు వచ్చి ఉంటాను. ఈ ఆస్పత్రికీ వచ్చాను, మా నాన్నను తీసుకుని. కానీ చెట్టును చూడలేదు. ఆస్పత్రికి వచ్చినవాడు చెట్లను ఏం చూస్తాడు?

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు ఈ చెట్టెక్కి నూట యాభై మంది బతికారు. ఊళ్లో దాదాపు పదిహేను వేల మంది పోయారు. అప్పటికి ఇక్కడ ఈ ఆస్పత్రి భవనం లేదు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లిని, భార్యను, కూతురిని పోగొట్టుకుని ఒక్కడే మిగిలాడు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ నదికి పూజ చేయించాడని కథలు చెప్తారు. ఆ కథ ఎలా ఉన్నా, తన ప్యాలెస్ తలుపులు మాత్రం జనానికి తెరిచాడు.

మా వాడు చెట్టు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "నూట యాభై మంది ఎట్లా పట్టారు?"

బావమరిది తలెత్తి కొమ్మల్ని పరీక్షగా చూశాడు. దేనికి ఎంత బరువు వేయొచ్చో లెక్కేస్తున్నాడని నాకు అర్థమైంది. "చింతకొమ్మ అంత తేలిగ్గా విరగదు. అదే మునగచెట్టయితే కథ వేరే" అన్నాడు. పక్కన టిఫిన్ క్యారియర్ పట్టుకుని కూర్చున్న ఒకామె మా మాటలు విని, తనూ తలెత్తి కొమ్మల వైపు చూసింది.

పురానాపూల్ మీదుగా లంగర్‌హౌజ్ వెళ్లాం. 1578లో కట్టిన వంతెన. దాని గురించి రాయాలంటే ముందు మూసీ వాసన గురించి రాయాలి, వద్దులెండి.

సరిగ్గా నాలుగింటికి సైరన్ మోగింది. మేం ఇంటి గేటు దగ్గరున్నాం. ఎక్కడి నుంచో తెలియదు, పైకి లేస్తూ కిందికి దిగుతూ ఏడుపులాంటి మోత. రెండు నిమిషాలు. మా వాడు నా చొక్కా పట్టుకున్నాడు.

"విన్నావా, ఎక్కుతూ దిగుతూ ఉంది. అలా మోగితే ప్రమాదం అని. ఒకే తీరుగా సాగితే గండం గడిచిందని. ఇదొక్కటి గుర్తుపెట్టుకో చాలు" అని వాడి భుజం తట్టాడు మేనమామ.

గోల్కొండ వైపు కొంచెం ముందుకెళ్తే ఒకచోట డ్రిల్ జరుగుతోంది. ఫైరింజన్, అంబులెన్స్, జాకెట్లు వేసుకున్న వలంటీర్లు, వాళ్లకంటే ఎక్కువగా వీడియోలు తీసేవాళ్లు. తలకు కట్టు కట్టిన ఒక కుర్రాణ్ణి స్ట్రెచర్ మీద పరుగున తెస్తున్నారు. సగం దారిలో వాడి జేబులో ఫోన్ మోగింది. గాయపడ్డవాడు పడుకునే ఫోన్ తీసి, "అమ్మా, డ్రిల్‌లో ఉన్నా, మళ్లీ చేస్తా" అన్నాడు. జనం గొల్లుమన్నారు. బావమరిది నవ్వలేదు. స్ట్రెచర్ మోసేవాళ్ల కాళ్లు చూస్తున్నాడు. "అడుగులు కలవట్లేదు. మెట్ల మీద ఇలా నడిస్తే పేషెంట్ పడిపోతాడు."

సివిల్ డిఫెన్స్ అంటే యుద్ధం రోజుల వ్యవహారమే అనుకునేవాణ్ణి. చట్టం వచ్చిన 1968లో అది నిజమే. 2009లో చట్టాన్ని సవరించి వరదలు, భూకంపాల పని కూడా దాని కిందికి తెచ్చారట. నారింజ రంగు మీద నీలం త్రికోణం దాని గుర్తు. యుద్ధంలో ఆ గుర్తు ఉన్నవాళ్లపై దాడి చేయకూడదని జెనీవా ఒప్పందాల 1977 ప్రొటోకాల్‌లో ఉంది.

"మరి మీది మిలిటరీయా, పోలీసా?" అని రాత్రి డాబా మీద అడిగాను.

"రెండూ కాదు బావా, రెండూ అవును" అన్నాడు. 1999 ఒడిశా తుపాను, 2001 గుజరాత్ భూకంపం, 2004 సునామీ. వరసగా ఇన్ని దెబ్బలు తిన్నాక 2005లో విపత్తు నిర్వహణ చట్టం వచ్చింది, 2006లో ఎన్డీఆర్ఎఫ్ పుట్టింది. మనుషులు బీఎస్ఎఫ్, సీఆర్పీఎఫ్ లాంటి బలగాల నుంచి వస్తారు, పైన ఉండేది హోంశాఖ. ఫ్రాన్స్‌లో అయితే ఈ పనికి అచ్చంగా సైనికులతోనే యూనిట్లున్నాయి. వాళ్లూ ఆర్మీ ఇంజనీరింగ్ విభాగం వాళ్లే, అయినా పని చేసేది అక్కడి హోంశాఖ కింద. స్విట్జర్లాండ్ సైన్యంలో రెస్క్యూ దళాలు ఏకంగా ఒక విభాగం. "మనకి తుపాకి పట్టినోడికి గునపం ఇచ్చారు. మొదట్లో నాకు నామోషీగానే ఉండేది."

"తర్వాత?"

దానికి జవాబు చెప్పకుండా, కూలిన భవనం దగ్గర ఏం చేస్తారో చెప్పాడు. అందరూ యంత్రాలు, కట్టర్లు, కెమెరాల గురించి అడుగుతారట. అన్నిటికంటే కష్టమైన పని అందరి నోళ్లూ మూయించడం. మిషన్లు ఆపి, ఏడ్చేవాళ్లను కూడా బతిమాలి ఊరుకోబెట్టి, శిథిలాల మీద వంగి "ఎవరైనా ఉన్నారా? వినిపిస్తే కొట్టండి" అని అరిచి, చెవి ఆనించి వినాలి. కిందనుంచి ఒక్క చిన్న టకటక వస్తే చాలు. అది రాకపోయినా కుక్కలున్నాయి. 2023లో తుర్కియే భూకంపానికి వెళ్లిన మనవాళ్ల వెంట జూలీ, రోమియో అనే లాబ్రడార్లు ఉన్నాయి. ముందు జూలీ మొరిగింది. సరిచూసుకోవడానికి రోమియోను పంపితే అదీ అక్కడే మొరిగింది. తవ్వితే ఆరేళ్ల పాప ప్రాణాలతో దొరికింది.

"ఆ పాపకి భయం వేయలేదా?" అన్నాడు మా వాడు.

"వేసే ఉంటుంది. భయం వేసినా చప్పుడు చేసేవాళ్లు మాకు దొరుకుతారు" అని, దండెం తాడు విప్పి బోలైన్ ముడి నేర్పడం మొదలుపెట్టాడు. లాగితే బిగుసుకుని నడుం కోయదు, పని అయ్యాక తేలిగ్గా ఊడుతుంది. తర్వాత వంటింట్లో ఖాళీగా ఉన్న రెండు ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు తెచ్చి, మూతలు బిగించి, తాడుతో జతగా కట్టించాడు. చంకల కింద అవి ఉంటే మనిషి తేలతాడు. మా అత్తగారు కిందనుంచి "రేపు నీళ్లబ్బాయి వస్తే క్యాన్లేవిరా?" అని కేకేసింది.

మర్నాడు పొద్దున్నే గండిపేట వెళ్లాం. వరద వచ్చిన మరుసటి ఏడాది, 1909లో, విశ్వేశ్వరయ్యను పిలిపించారు. మూసీ పరివాహకంలో 788 చెరువులుంటే ఆ వరదకు 221 తెగాయని ఆయన తేల్చాడు. ఊరికి పైన జలాశయాలు కట్టి వరదను అక్కడే ఆపాలన్నాడు. అలా మూసీ మీద ఉస్మాన్‌సాగర్, అంటే ఈ గండిపేటే, 1920కి, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927కి పూర్తయ్యాయి. మనం తాగడానికే కట్టారనుకునే గండిపేట నీళ్ల వెనక ఇంత కథ ఉంది. కట్ట మీద గాలి బాగుంది. మొక్కజొన్న కంకి ముప్పై రూపాయలు చెప్పాడు, అది మాత్రం బాగోలేదు. మా వాడు ఒక చేత్తో కంకి తింటూ, ఇంకో చేత్తో జేబులో ఉన్న తాడుముక్కను తడుముకుంటూనే ఉన్నాడు.

ఆ రాత్రి రెండింటికి ఉరుములు, తర్వాత వాన. ఖమ్మంలో అయితే వాడు ఈపాటికి లేచి వచ్చి నా పక్కలో దూరేవాడు. చాలాసేపు చూశాను, రాలేదు. లేచి వెళ్లి లైటేశాను. మేనమామ పక్కన మా వాడు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. మంచం కోడుకు బోలైన్ ముడి.

లైటు ఆర్పేసి, చెప్పులు వేసుకుని, మూడంతస్తులు దిగి పార్కింగ్‌లోకి వెళ్లాను. ఆల్టో టైర్ల దగ్గర వంగి, సెల్ వెలుగులో నీళ్లు నిలిచాయేమో చూశాను. నిలవలేదు. అయినా వాన తగ్గేదాకా అక్కడే నిలబడ్డాను.