తమ్ముడిచ్చిన ఎయిర్‌పాడ్స్, నా ఆండ్రాయిడ్ ఫోను

నా ఫోను ఆండ్రాయిడ్. చెవుల్లో పెట్టుకునేవి యాపిల్ వాళ్ల ఎయిర్‌పాడ్స్ ప్రో. ఈ రెండూ ఒకే మనిషి దగ్గర కనిపిస్తే చాలామందికి మనసొప్పదు. మా ఆఫీసులో ఒకాయనైతే "అవి ఐఫోన్ లేకపోతే సగం పనిచెయ్యవండీ" అని తేల్చేశారు. ఏ సగం అని అడిగితే టాపిక్ మార్చేశారు. ఆ సగం ఏదో నేనే చూసుకున్నాను. చాలాకాలంగా రోజూ వాడుతున్నాను కాబట్టి ఇప్పుడు కొంచెం గట్టిగానే చెప్పగలను.

ఇవి నేను కొన్నవి కావు. డాలస్‌లో ఉండే మా తమ్ముడు సంక్రాంతికి వచ్చినప్పుడు తెచ్చాడు. రెండో తరం ఎయిర్‌పాడ్స్ ప్రో, యూఎస్‌బీ-సీ కేసు ఉన్నవి. 2022లో మొదట వచ్చినప్పుడు కేసుకు లైట్నింగ్ పోర్టు ఉండేది, 2023 సెప్టెంబరులో ఈ సీ పోర్టుది వచ్చింది. అందుకని నా ఫోను ఛార్జరే దీనికీ సరిపోతోంది. అవి వచ్చినప్పుడు అమెరికాలో ధర 249 డాలర్లు ఉండేది. నా ఫోను ఏ కంపెనీదో వాడికి గుర్తులేదు. గుర్తుచేసి వాడి ముఖం చిన్నబుచ్చడం నాకిష్టం లేకపోయింది.

ఫోనుకు కలపడం చాలా తేలిక. కేసు మూత తెరిచి, వెనక ఉన్న చిన్న గుండ్రటి బటన్‌ని నొక్కిపట్టి ఉంచితే ముందున్న లైటు తెల్లగా మిణుకుమంటుంది. అప్పుడు ఫోనులో బ్లూటూత్ తెరిస్తే పేరు కనిపిస్తుంది, నొక్కితే అయిపోయింది. కొత్తగా వచ్చిన ఎయిర్‌పాడ్స్ 4, ప్రో 3లకు ఆ బటన్ లేదు. కేసు ముందువైపు వేలితో రెండుసార్లు తట్టాలి. ఐఫోన్ వాళ్లకు మూత తెరవగానే తెర మీద బొమ్మ వస్తుంది, మనకు రాదు. రాకపోతే నాకేం నష్టమో ఇప్పటికీ అర్థం కాలేదు.

కానీ ఒక తమాషా జరిగింది. ఇచ్చే ముందు బాగున్నాయో లేదో చూద్దామని తమ్ముడు వాటిని తన ఐఫోన్‌కు కలిపాడట. అంటే అవి వాడి అకౌంట్‌లో చేరిపోయాయి. వాడు డాలస్ వెళ్లిన కొన్నాళ్లకు నేను విశాఖ సాగర్‌నగర్‌లో చుట్టాలింట్లో వ్రతానికి వెళ్లి భోజనం దగ్గర కూర్చున్నానో లేదో, వాట్సాప్‌లో మెసేజ్: "అక్కా, బీచ్ రోడ్డులో ఏం చేస్తున్నావు?" నాకు ఒక్క క్షణం గుండె ఆగినంత పనైంది. చుట్టుపక్కల ఎవరి ఐఫోన్ ఉన్నా అది ఈ బడ్స్ ఉనికిని పసిగట్టి, సొంతదారుకు చేరవేస్తుందట. పోయిన వస్తువు దొరకాలని పెట్టిన ఏర్పాటు. తీరా చూస్తే వాడికి వాటి బదులు నేను దొరికాను. ఎవరికైనా ఇలాంటివి బహుమతిగా ఇచ్చేవాళ్లు, పాతవి అమ్మేవాళ్లు, ముందే తమ అకౌంట్ నుంచి తీసేసి ఇవ్వండి. వాడు తన ఫోనులోంచి తీసేశాకే నేను స్థిమితపడ్డాను. అయితే ఇప్పుడు ఇవి ఎక్కడైనా పడిపోతే వెతికిపెట్టే దిక్కు నాకు లేదు, అది వేరే సంగతి.

ఇక సగం సంగతి. ఇన్నాళ్లు వాడాక నాకు తేలింది ఇదీ: బడ్‌లోపల జరిగే పని ఏ ఫోనుతోనైనా జరుగుతుంది, ఫోనులో జరిగే పని మాత్రం యాపిల్ వాళ్ల ఫోనుతోనే జరుగుతుంది.

బయటి రొదను అణిచే నాయిస్ క్యాన్సిలేషన్ మొదటి రకం. బడ్‌కున్న మైకు బయటి శబ్దాన్ని వింటుంది, లోపలి చిప్ దానికి సరిగ్గా ఎదురు తరంగాన్ని తయారుచేసి చెవిలోకి పంపుతుంది, రెండూ కలిసి ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఇందులో ఫోనుకు పనే లేదు. అందుకే నాది ఏ కంపెనీ ఫోనైనా దానికి పట్టదు. నేను పొద్దున్న గాజువాకలో సిటీ బస్సెక్కి ఎన్ఏడీ, తాటిచెట్లపాలెం, గురుద్వారా మీదుగా ఆర్టీసీ కాంప్లెక్స్‌కి వస్తాను. ఆ దారిలో ఇంజిను మోత మొత్తం మాయమవుతుంది. ఒకేలా సాగే బరువైన శబ్దాన్ని ఇది బాగా పట్టుకుంటుంది. హారన్లు, పక్కసీటు గొడవలు అలా పోవు, కాస్త తగ్గుతాయంతే.

మరీ అంత నిశ్శబ్దం కూడా బస్సులో పనికిరాదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు స్త్రీ శక్తి కింద ఉచిత ప్రయాణం వచ్చింది కదా. డబ్బులివ్వకపోయినా ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించి జీరో టికెట్టు తీసుకోవాల్సిందే. ఒకరోజు కండక్టరమ్మ నా భుజం తట్టి, "ఏటమ్మా, సెవులోన అయ్యెట్టుకుని కూకుంటే ఎలాగ? అందాకట్నుంచి పిలుత్తన్నాను" అంది. బస్సంతా నా వైపు తిరిగింది. అప్పటినుంచి బడ్‌కు కిందకి ఉండే కాడను నొక్కిపట్టి ట్రాన్స్‌పరెన్సీలోకి మార్చుకోవడం అలవాటైంది. బయటి మాటలు మైకు ద్వారా లోపలికి వచ్చే పద్ధతి అది. ఇదీ బడ్ చేసే పనే, కాబట్టి నా ఫోనుతోనూ చక్కగా నడుస్తుంది. పాట ఆపడం, తర్వాతి దానికి వెళ్లడం, కాల్ ఎత్తడం, కాడ మీద వేలు పైకీ కిందకీ జరిపి సౌండు పెంచడం, తగ్గించడం అన్నీ అంతే.

రెండో రకం పనుల దగ్గరే తేడా తెలుస్తుంది. చెవిలోంచి ఒకటి తీస్తే పాట దానంతట అది ఆగదు. చెవిలోంచి తీశామని బడ్‌కు తెలుసు, ఆ సంగతి యాపిల్ సొంత భాషలో చెబుతుంది, నా ఫోనుకు ఆ భాష రాదు. ప్రవచనం వింటూ వింటూ ఎవరో పలకరిస్తే బడ్స్ తీసి బ్యాగులో వేస్తాను. అక్కడ ప్రవచనం సాగుతూనే ఉంటుంది. బ్యాటరీ ఎంతుందో విడివిడిగా కనపడదు. దీనికి క్యాపాడ్ అని ఒక ఉచిత ఆండ్రాయిడ్ యాప్ ఉంది. బడ్స్ చుట్టూ గాల్లోకి వదిలే బ్లూటూత్ సంకేతాలు చదివి కుడిదెంత, ఎడమదెంత, కేసులో ఎంత అని చూపిస్తుంది. యాప్ ఎందుకులే అనుకుంటే కేసు మీది లైటు చూసుకోవచ్చు, పచ్చగా ఉంటే నిండినట్టు, నారింజ రంగయితే నిండనట్టు.

చెవికి సరిగ్గా సరిపోయాయో లేదో ఫోను పరీక్షించి చెప్పే సదుపాయం కూడా ఐఫోన్ వాళ్లకే. పెట్టెలో రబ్బరు టిప్స్ నాలుగు సైజులు ఇచ్చారు. ఇంట్లో సీలింగ్ ఫ్యాన్ ఐదులో పెట్టి దాని కింద కూర్చుని మార్చి మార్చి చూసుకున్నాను. ఏ సైజుతో ఫ్యాన్ మోత ఎక్కువ తగ్గితే అది నాది. కుడిచెవికి మీడియం, ఎడమకు స్మాల్ తేలింది. విశాఖ ఉక్కకు చెమట పట్టి జారిపోకుండా ఉండాలన్నా ఈ సైజే ముఖ్యం.

కొన్నిటికి దొడ్డిదారి ఉంది. కాడను నొక్కితే ఏం జరగాలి, ఏ మైకు వాడాలి లాంటి సెట్టింగ్స్ ఒకసారి ఐఫోన్‌లో మార్చిపెడితే బడ్స్‌లోనే ఉండిపోతాయి. తర్వాత ఏ ఫోనుకు కలిపినా అవే నడుస్తాయి. మా ఆడపడుచు ఇంట్లో ఐప్యాడ్ ఉంది. మురళీనగర్ వెళ్లినప్పుడల్లా కాసేపు దానికి కలిపి, బడ్స్‌ని కేసులో పెట్టి, ఛార్జింగ్‌కు పెట్టి, కబుర్లలో పడతాను. లోపలి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయ్యేది అలాగే. ఆండ్రాయిడ్ నుంచి దానికి దారి లేదు. వదిన మాత్రం నేను తనను చూడ్డానికి వస్తున్నానో, ఐప్యాడ్‌ని చూడ్డానికి వస్తున్నానో అని అనుమానంగా చూస్తోంది.

సౌండు నాణ్యత గురించి చాలామందికి టెన్షన్. బ్లూటూత్‌లో పాట ఉన్నదున్నట్టు వెళ్లదు, కుదించి పంపుతారు. ఆ కుదించే పద్ధతులే కోడెక్‌లు. ఎస్‌బీసీ అందరికీ ఉండి తీరాలి. దాని మీద ఏఏసీ, ఆప్టెక్స్, ఎల్‌డాక్ లాంటివి. రెండు వైపులా ఉన్నదే నడుస్తుంది. ఎయిర్‌పాడ్స్ నా ఫోనుతో మాట్లాడేది ఏఏసీలోనో ఎస్‌బీసీలోనో. ఏఏసీ చేసే తీరు ఆండ్రాయిడ్ ఫోన్లన్నిటిలో ఒకేలా ఉండదు, కొన్నిటిలో బాగుంటుంది, కొన్నిటిలో అంతంతమాత్రం. మీ ఫోను ఏది వాడుతోందో చూడాలంటే సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు తట్టండి. "ఇప్పుడు మీరు డెవలపర్" అంటుంది. జీఎస్టీ రిటర్నులు వేసుకునే నన్ను అలా అన్నవాళ్లు ఇంకెవరూ లేరు. ఆ మెనూలో బ్లూటూత్ ఆడియో కోడెక్ కనిపిస్తుంది. అక్కడే అబ్సల్యూట్ వాల్యూమ్ (ఫోను సౌండునూ బడ్స్ సౌండునూ ఒకటిగా కలిపేది) ఆపే స్విచ్ కూడా ఉంటుంది. సౌండు ఒక్క మెట్టు తగ్గిస్తే వినపడకపోవడం, పెంచితే చెవులు పగలడం జరుగుతుంటే అది మార్చి చూడండి. మిగతావి ముట్టుకోకండి.

అసలు చిక్కంతా కాల్స్ దగ్గర. ఇది మాత్రం కంపెనీలు కలవకపోవడం వల్ల కాదు, అందరూ అలాగే అనుకుంటారు. జీఎస్టీఆర్-3బీ అనే జీఎస్టీ రిటర్ను నెలనెలా వేసేవాళ్లకు 20వ తేదీ గడువు. ఆ ముందు రెండు మూడు రోజులు క్లయింట్ల ఫోన్లు వాకింగ్‌లో కూడా వదలవు. అనకాపల్లి బెల్లం వ్యాపారి ఒకాయన, నేను ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ దగ్గర నడుస్తుండగా ఫోన్ చేసి, "ఏటమ్మా, నూతిలోంచి మాటాడతన్నట్టుంది!" అన్నారు. ఆయన తప్పేం లేదు. పాట వింటున్నప్పుడు ఫోను నుంచి చెవికి ఒకవైపే రాకపోకలు, ఏ2డీపీ అంటారు, మంచి స్టీరియో వస్తుంది. మైకు తెరుచుకున్న మరుక్షణం హ్యాండ్స్‌ఫ్రీ అనే వేరే పద్ధతికి మారిపోతుంది. మాట రెండువైపులా ఒకేసారి వెళ్లాలి కాబట్టి సౌండు మోనో అవుతుంది. పాటల్లో సెకనుకు 44,100 శాంపిల్స్, అంటే శబ్దపు కొలతలు, ఉంటే ఇక్కడ మామూలుగా 16,000, మరీ పాత పద్ధతైతే 8,000. మనిషి మాటకు అది చాలు. దాని మీద సముద్రపు గాలి వచ్చి మైకుల్ని ఊదేస్తే మాత్రం చాలదు. మూతికి దూరంగా చెవి దగ్గరుండే మైకు ఏ కంపెనీదైనా గాలికి తలవంచాల్సిందే.

దీనికి నేను చేసేది ఒక్కటే. కాల్ నడుస్తుండగా తెర మీద బ్లూటూత్ గుర్తు నొక్కి ఫోనుకు మార్చేస్తాను, ఫోను చెవి దగ్గర పెట్టుకుని సముద్రానికి వీపు తిప్పి నిలబడతాను. ఎల్ఈ ఆడియో అని కొత్త పద్ధతి వచ్చింది, అందులో ఎల్‌సీ3 అనే కోడెక్‌తో కాల్ నాణ్యత బాగా మెరుగవుతుంది. ఆండ్రాయిడ్ 13 నుంచి దానికి చోటిచ్చారు. ఫోనుకూ బడ్స్‌కూ రెండిటికీ ఉంటేనే ఫలితం.

ఆఫీసు ల్యాప్‌టాప్‌తో ఇంకో తలనొప్పి. యాపిల్ వస్తువుల మధ్యయితే బడ్స్ ఒకదాన్నుంచి ఒకదానికి వాటంతటవే మారతాయి. విండోస్ ల్యాప్‌టాప్, ఆండ్రాయిడ్ ఫోను మధ్య అలా మారవు. రెండిటికీ ఒకేసారి కలిసి ఉండే మల్టీపాయింట్ వీటికి లేదు, వీటికంటే చాలా తక్కువ ధరకు దొరికే బడ్స్‌లో కొన్నిటికి ఉంది. మీటింగ్ అయ్యాక ల్యాప్‌టాప్‌లో బ్లూటూత్ ఆపేయడం తప్ప నాకు వేరే దారి దొరకలేదు.

తిరగేసి చూసినా ఇదే కథ. గెలాక్సీ బడ్స్‌లో పాత మోడళ్లు కొన్నిటికి ఐఫోన్ యాప్ ఉండేది, బడ్స్ ప్రో నుంచి అది లేదు. సామ్‌సంగ్ సొంత కోడెక్ కూడా సామ్‌సంగ్ ఫోన్లలోనే. కానీ వేరే ఆండ్రాయిడ్ ఫోనులో గెలాక్సీ వేరబుల్ యాప్ వేసుకోవచ్చు కాబట్టి అక్కడ ఇబ్బంది తక్కువ. సోనీ, జేబీఎల్ లాంటివి రెండు వైపులా యాప్ ఇస్తాయి. జేబీఎల్ తయారుచేసే హర్మన్‌ను సామ్‌సంగ్ 2017లోనే కొనేసింది, అయినా జేబీఎల్ బడ్స్ ఐఫోన్‌తోనూ ఇబ్బంది లేకుండా కలుస్తాయి.

నా మాట అడిగితే, బహుమతిగా వస్తే నిక్షేపంగా వాడుకోండి. సొంత డబ్బు పెట్టి, ఆండ్రాయిడ్ ఫోను చేతిలో పెట్టుకుని మాత్రం ఇవి కొనకండి. మీరు కట్టే ధరలో కొంత, మీ ఫోను చెయ్యలేని పనులకు పోతుంది.

మొన్న మా మేనల్లుడికి బడ్స్ కొనడానికి ద్వారకానగర్‌లో ఒక షాపుకి వెళ్లాం. వాడి దగ్గరున్నది వాళ్ల నాన్న వాడి ఇచ్చిన ఐఫోన్. షాపులో కుర్రాడు ఎల్‌డాక్ ఉన్న బడ్స్ చూపించి, "సెకనుకు 990 కిలోబిట్స్ మేడం, వైర్ పెట్టినట్టే ఉంటాది" అంటూ మొదలుపెట్టాడు. 990 నిజమే. కానీ ఐఫోన్‌లో ఎల్‌డాక్ లేదు, ఏఏసీతో సరిపెట్టుకోవాల్సిందే. ఆ సంగతి చెబితే వాడు మా మేనల్లుడి ఫోను వైపు ఒకసారి చూసి, మారు మాట్లాడకుండా అదే కంపెనీలో ఎల్‌డాక్ లేనిది తీశాడు. డబ్బులు కట్టే ముందు అక్కడే నిలబడి ఆ కంపెనీ యాప్ ఐఫోన్‌లో దొరుకుతోందా, బయట వాట్సాప్ కాల్‌లో మాట ఎలా వెళ్తోంది అని చూడమన్నాను. పిల్లాడు రోడ్డు మీదకెళ్లి వాళ్లమ్మకి ఫోన్ చేశాడు. ఆటోల మోత మధ్య నుంచి కూడా వాడి మాట ఆవిడకి స్పష్టంగా వినపడిందట. అన్నం తినకుండా రోడ్డు మీద ఏం చేస్తున్నావని తిట్టింది. అవే కొన్నాం.