పెడలుకి అరంగుళం ఆట

గూడూరు వైపు ఒక అభ్రకం గని మూతపడినప్పుడు మా పెదనాన్నగారు అక్కడి సామానుతో పాటు కొనుక్కొచ్చిన విల్లీస్ జీపు, ఆయన పోయాక పదకొండేళ్ల పాటు కోవూరులోని మా పాత ఇంట్లో, గొడ్ల కొట్టంలో వరిగడ్డి పక్కన నిలబడిపోయింది. 1941కీ 1945కీ మధ్య అమెరికాలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి సైన్యాల కోసం తయారుచేసిన ఆరు లక్షలకు పైబడిన జీపుల్లో అదీ ఒకటి. స్టీరింగు ఇప్పటికీ ఎడమవైపే ఉంది. దాన్ని బయటికి లాగాక ఇంజను మూడు ఆదివారాల్లో పలికింది గాని, బ్రేకులకు ఏడు నెలలు పట్టింది. ఇంటికి ఎవరు వచ్చినా బానెట్టు ఎత్తి చూస్తారే తప్ప చక్రం వెనక ఏముందని అడగరు కాబట్టి, ఆ ఏడు నెలల సంగతి ఇక్కడ రాసి పెడుతున్నాను.

తిరిగే బండికి బ్రేకులు అరుగుతాయన్నది అందరికీ తెలిసిందే. నిలబడ్డ బండికి అంతకంటే ఎక్కువ నష్టం జరుగుతుందని, చక్రంతో పాటు తిరిగే బ్రేకు డ్రమ్ములు ఊడదీశాకే నాకు తెలిసింది. ఊడదీయడం కూడా అంత తేలిగ్గా జరగలేదు. డ్రమ్మును లోపలి నుంచి ఒత్తి బండిని ఆపే షూలు తుప్పుతో డ్రమ్ములకు కరుచుకుపోయి ఉన్నాయి. షూలను మోసే బ్యాకింగ్ ప్లేటు వెనక ఉండే అడ్జస్టింగ్ నట్లకు రెండు రోజుల పాటు నూనె పట్టించి, అవి వెనక్కి తిరిగాక గాని డ్రమ్ములు కదలలేదు. అంత పాత లైనింగుల్లో (షూల మీద ఉండి డ్రమ్ముకు రాసుకునే పొరల్లో) ఆస్‌బెస్టాస్ ఉందనే అనుకోవాలి. ఆ ధూళిని కంప్రెసర్ గాలితో ఊదితే నేరుగా ఊపిరితిత్తుల్లోకే పోతుంది కనుక, మేము తడిగుడ్డలతో తుడిచి, ఆ గుడ్డలను కవర్లో మూటగట్టి పారేశాం. ఆటోనగర్‌లో గాలి గొట్టం ఎప్పుడూ చేతికందేంత దూరంలోనే వేలాడుతూ ఉంటుంది, చెయ్యి ఊరుకోదు.

ఆయిలు ఒత్తిడితో షూలను నెట్టే వీల్ సిలిండర్లు విప్పితే నాలుగింటిలోనూ ఒకే రకం గాయం కనబడింది. బోరు (సిలిండరు లోపలి గుల్ల) పైభాగం నున్నగా ఉంది. అడుగున మాత్రం పెసరగింజలు ఒత్తినట్టు గుంటలు పడి ఉన్నాయి. గోరు పెట్టి గీస్తే అక్కడ ఆగిపోయేది. అది నీళ్లు చేసిన పని. మామూలు బ్రేకు ఆయిలు గ్లైకాల్ రకం కావడం వల్ల గాలిలోని తేమను పీల్చుకుంటుంది; మూతలో ఉండే గాలి రంధ్రం గుండా, రబ్బరు హోసుల గోడల గుండా కూడా ఆ తేమ మెల్లగా లోపలికి చేరుతుంది. సముద్రపు గాలి తగిలే మా ప్రాంతంలో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల ముసురులో, పదకొండేళ్లు కదలకుండా ఉన్న బండికి ఆ నీరు అడుగునే నిలిచి ఇనుమును తినేసింది. తుప్పు ఒక్కటే నష్టం కాదు. డాట్ 3 రకం (డాట్ అంటే బ్రేకు ఆయిళ్లకు అమెరికా రవాణా శాఖ పెట్టిన తరగతి) కొత్త ఆయిలు మరిగే స్థానం కనీసం 205 డిగ్రీల సెల్సియస్ ఉండాలన్నది ప్రమాణం. అదే ఆయిల్లో 3.7 శాతం నీరు చేరాక 140 డిగ్రీలు ఉంటే చాలంటుంది. డాట్ 4 కైతే ఆ అంకెలు 230, 155. వేడెక్కిన డ్రమ్ము దగ్గర ఆ నీరు ఆవిరైతే పెడలు మెత్తగా కిందికి దిగిపోతుంది, బండి మాత్రం ఆగదు.

గుంటలు లోతుగా లేని రెండు సిలిండర్లకు హోనింగు (బోరును లోపల సానపట్టడం) సరిపోయింది. మిగతా రెండింటికి లేత్ మేస్త్రీ బోరు పెంచి, ఇత్తడి స్లీవు (లోపలి గొట్టం) దిగగొట్టి, మళ్లీ అసలు కొలతకు తెచ్చాడు. స్లీవు వేశాక ఆయిలు వచ్చే రంధ్రాన్నీ, ఎయిరు తీసే రంధ్రాన్నీ దాని గుండా మళ్లీ తొలిపించుకోవాలి, ఆ రజను అంతా కడిగించుకోవాలి. ఈ జీపులో ముందు సిలిండర్ల బోరు ఒక అంగుళం, వెనకవి ముప్పావు అంగుళం. బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు ఒరుగుతుంది కాబట్టి, వెనక షూలను నెట్టే బలం ముందు వాటిలో సుమారు 56 శాతం ఉండేలా ఆ తేడా పెట్టారు. షాపులో నాలుగూ ఒకే సైజువి కట్టి ఇస్తామంటే తీసుకోకూడదు. వెనక చక్రాలు ముందుగా పట్టేస్తే ఇంత పొట్టి బండి రోడ్డు మీద అడ్డం తిరుగుతుంది.

కొత్త బకెట్లను (సిలిండర్లలోని రబ్బరు కప్పులను) పెట్రోల్లోనో డీజిల్లోనో కడిగి వేయడం మన షెడ్లలో అలవాటు. ఆ నూనెలకు ఈ రబ్బరు ఉబ్బుతుంది, ఉబ్బిన బకెట్టు బోరులో ఇరుక్కుంటుంది. బ్రేకు ఆయిలుతోనే కడగాలి. పైపుల విషయంలో కూడా ఏసీ షాపులో దొరికే రాగి గొట్టం వేయమని ఇద్దరు సలహా ఇచ్చారు. వంచడం సులువే గాని, రాగి అదురుకు గట్టిపడి చివరికి చిట్లుతుంది. ఉక్కు గొట్టమే కొని, చివరలు విచ్చుకునేలా రెండు మడతల ఫ్లేరు కొట్టించాను.

లైనింగులు రివిట్లతో బిగించినవే వేయించాను. ప్రతి చక్రంలోనూ ముందు షూకి పొడవాటి లైనింగు, వెనక షూకి పొట్టిది. డ్రమ్ము తిరిగే దిశకు ఎదురుగా ఉన్న ముందు షూ తనంతట తానే డ్రమ్ములోకి గుంజుకుని ఎక్కువ పని చేస్తుంది కాబట్టి దానికి ఎక్కువ మేర కావాలి. లేత్ మీద టర్నింగు చేయించిన డ్రమ్ముకూ కొత్త లైనింగుకూ వంపు కలవకపోతే, పెడలు గట్టిగానే ఉన్నా బండి జారుతుంది. దీనికి ఖరీదైన పనిముట్టు ఏమీ అక్కర్లేదు. డ్రమ్ము లోపల సుద్దముక్కతో రుద్ది, ఎక్కించి, షూలు తాకేలా అడ్జస్టు చేసి చేత్తో రెండు చుట్లు తిప్పి విప్పితే, లైనింగు మీద తెల్లగా అంటుకున్న చోటల్లా తగులుతున్నట్టు. మా మొదటి ప్రయత్నంలో రెండు కొసల్లోనూ తెలుపు, నడుమంతా నలుపు. ఆకురాయితో ఆ కొసలు కొంచెం కొంచెంగా రాస్తూ ఒక్కో షూ మీద ఒక పూట గడిపాను.

ఇన్ని చేశాక, ఫిబ్రవరిలో ఒక ఆదివారం మైపాడుకు బయలుదేరాను. ఊళ్లో బ్రేకులు చక్కగా పట్టాయి. బయలుదేరే ముందు, షెడ్డులో ఉండే కుర్రవాడు పెడలు ఇంకొంచెం పైకి రావాలని ఆయిలును చక్రాలకు తోసే మాస్టర్ సిలిండరు రాడ్డును పొడిగించాడు. పెడలుకి ఆట (ఖాళీ కదలిక) లేకుండా చేశావేమని అడిగితే, "ఒక్క తొక్కుకే పడతా ఉంది గదన్నా, ఇంకేం కావాల?" అన్నాడు. నాకూ అది బాగానే తోచింది. ఇందుకూరుపేట దాటకముందే బండి బరువెక్కింది. గేరు తగ్గించినా లాగలేదు. దిగి చూస్తే నాలుగు డ్రమ్ములూ కాలిపోతున్నాయి; కాలువ నీళ్లు నాలుగు చుక్కలు చిలకరిస్తే పెనం మీద పడ్డట్టు చుర్రుమన్నాయి.

ఒకప్పుడు గనుల లారీలకు పనిచేసిన పెద్ద మేస్త్రీకి ఫోను చేశాను. ఆయన ఏ ప్రశ్నా అడగకుండా, "మాస్టర్ దగ్గర పైపు నట్టు అర చుట్టు వదులు చెయ్యి నాయనా, చక్రాలు వదిలాయో లేదో చూసి చెప్పు" అన్నారు. నట్టు వదులు చేయగానే ఆయిలు చిమ్మింది, బండిని తోస్తే కదిలింది. ఒకే చక్రం పట్టి ఉంటే, లోపల వాచిపోయి ఆయిలును వెనక్కి రానివ్వని హోసును అనుమానించేవాళ్లం. నాలుగూ ఒక్కసారే పట్టి, మాస్టర్ దగ్గర వదలగానే వదిలాయంటే తప్పు మాస్టర్‌లోనో, దాన్ని తోసే రాడ్డులోనో ఉందన్నమాట.

మాస్టర్ సిలిండరులో ఆయిలు గదికీ బోరుకూ నడుమ రెండు రంధ్రాలుంటాయి. చిన్నది గుండుసూదంత సన్నం. కాలు తీసినప్పుడు బకెట్టు పూర్తిగా వెనక్కి వచ్చి ఆ సన్న రంధ్రాన్ని తెరిచిపెట్టాలి. బ్రేకుల వేడికి వ్యాకోచించిన ఆయిలు ఆ దారినే పైగదిలోకి తిరిగి పోతుంది. పెడలుకి ఆట లేకపోతే బకెట్టు ఆ రంధ్రాన్ని మూసే ఉంచుతుంది; వ్యాకోచించిన ఆయిలుకు దారి దొరక్క షూలను నెడుతుంది, షూలు రాసుకుని వేడి పెరుగుతుంది, వేడికి ఆయిలు మరింత వ్యాకోచిస్తుంది. అందుకే ఈ జీపుకు పెడలు దగ్గర అరంగుళం ఖాళీ కదలిక ఉండాలి. రోడ్డు పక్కన పడుకుని, లాకు నట్టు విప్పి, రాడ్డు తగ్గించాను. నెల్లూరు చేరాక ఫ్లోరులోని మూత తీసి, ఫిల్లర్ ప్లగ్గు విప్పి, టార్చి వేసి చూస్తూ పెడలును చేత్తో నొక్కితే, కదలిక మొదలైన క్షణంలో ఆ రంధ్రం నుంచి ఆయిలు సన్నటి ధారగా పైకి చిమ్మి ఆగిపోయింది. ఆ చిమ్ము కనబడితే దారి తెరిచి ఉన్నట్టే. ఇప్పుడు బండి తీసే ప్రతిసారీ ముందు వేలితో పెడలు నొక్కి ఆట చూసుకుంటున్నాను. పెడలు ఎత్తు కావాలంటే షూలను అడ్జస్టు చేసి తెచ్చుకోవాలి గాని రాడ్డు జోలికి పోకూడదని ఆ కుర్రవాడికి చూపించాను, నమ్మినట్టు లేడు.

ఆయిలు ఏది పోయాలన్న దాని మీద పాత మిలిటరీ బండ్లవాళ్లలో తెగని వాదం ఉంది. తేమ పీల్చని సిలికాన్ రకం డాట్ 5ను, నిల్వ ఉండే బండ్ల కోసమే, అమెరికా సైన్యం 1980లలో స్వీకరించింది. అయితే దాన్ని గ్లైకాల్ ఆయిలుతో కలపకూడదు, గాలి బుడగలు పట్టుకుంటే ఓ పట్టాన వదలవు, ఎక్కడైనా నీరు చేరితే కలవకుండా ఒక్క చోటే కూర్చుంటుంది. డాట్ 5.1 పేరు చూసి అదీ ఇదే అనుకోవద్దు, అది గ్లైకాలే. ఎక్కడైనా దొరుకుతుందని నేను డాట్ 4 పోసి, వానలు వెళ్లాక సంక్రాంతి లోపు ఏటా మొత్తం మారుస్తున్నాను. మా అమ్మాయి పెడలు తొక్కుతుంది, నేను పొడవాటి పైపు ఉన్న వెనక చక్రంతో మొదలుపెట్టి సీసాలో బుడగలు ఆగేదాకా ఎయిరు తీస్తాను. పెయింటు మీద ఒలికితే వెంటనే నీళ్లతో కడగాలి, లేకపోతే పొక్కులు లేస్తాయి.

హ్యాండు బ్రేకు చక్రాల దగ్గర కాకుండా ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజను బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచే గేర్ల పెట్టె) వెనక, ప్రొపెల్లర్ షాఫ్టు మీద ఉంటుంది. యాక్సిల్ నిష్పత్తి 4.88 (చక్రం ఒక్క చుట్టుకు షాఫ్టు 4.88 చుట్లు) కావడం వల్ల చిన్న డ్రమ్మే అయినా బండిని గట్టిగా నిలబెడుతుంది. కానీ దాని పక్కనే ఉన్న ఆయిలు సీలు కారితే డ్రమ్మును చుట్టి పట్టే బ్యాండు తడిసి పనికిరాకుండా పోతుంది, ఆ సీలు కారని విల్లీస్‌ను నేనింకా చూడలేదు. కాలి బ్రేకు మొత్తం ఒకే సర్క్యూటు. ఒక్క హోసు తెగితే నాలుగు చక్రాలకూ ఉండదు. అందువల్ల హైవే ఎక్కినప్పుడు ముందు లారీకి చాలా ఎడం ఇస్తాను, ఆ ఎడంలోకి ఆటోలు దూరితే మళ్లీ వెనక్కి తగ్గుతాను.

కావలిలో ఒక మిత్రుడి దగ్గర జబల్‌పూర్‌లో తయారైన జోంగా (మన సైన్యపు పాత జీపు) ఉంది. దాని సిలిండర్ల అడుగున కూడా అవే గుంటలు. మొన్న రెండు బండ్ల సిలిండర్లూ ఒకే సంచిలో వేసుకుని లేత్ దగ్గరికి పోయాం. నాది ఎడమవైపు వెనకది, హోనింగుతో సరిపెట్టిన వాటిలో ఒకటి, బూటు (సిలిండరు కొస రబ్బరు తొడుగు) కింద చెమర్చడం మొదలైంది. దానికీ స్లీవు వేయించక తప్పేట్టు లేదు.