ఫిజిక్స్ ల్యాబ్‌లో మోగిన మాంట్రియల్

మన రీయూనియన్ సంచికకి ఏదైనా రాయమని కమిటీ వాళ్లు ఫోన్ చేశారు. క్యాంటీన్ గొడవ, అరకు రైలు, ఇంజిను గాడి ఇంగ్లిష్ స్పీచ్ ఎలాగూ మీరంతా రాస్తారు. నేను మన ఫిజిక్స్ మాస్టారి గురించే రాస్తాను.

ఇంటర్ సెకండియర్. పొడుగు గాడి చిన్నాన్న ఓడలో ఇంజినీరు కదా, కెనడాలో మాంట్రియల్ రేవులో ఆగినప్పుడు కొన్న సీడీల జత వీడు ల్యాబ్‌కి పట్టుకొచ్చాడు. ఆ ఊరి రాక్ బ్యాండ్ గాడ్‌స్పీడ్ యూ! బ్లాక్ ఎంపరర్ 2000లో తెచ్చిన ఆల్బమ్, 'లిఫ్ట్ యువర్ స్కిన్నీ ఫిస్ట్స్ లైక్ యాంటెన్నాస్ టు హెవెన్'. రెండు సీడీల్లో కలిపి నాలుగే ట్రాకులు, ఒక్కోటి ఇరవై నిమిషాలకి అటూ ఇటూ. "పల్లవి ఎప్పుడొస్తుందిరా?" అని మన బెంచీ వాడిని ఏడిపిస్తుంటే, సోనోమీటరు తీగ బిగిస్తున్న మాస్టారు తలెత్తకుండానే, "రాగాలాపనలో పల్లవి వెతుకుతార్రా? నోరు మూసుకుని వినండి" అన్నారు.

మొదటి ట్రాకు 'స్టార్మ్' ఇరవై రెండు నిమిషాలూ ఆయన నిలబడే విన్నారు. గిటార్ మీద చిన్న వరస, దాన్ని అందుకుంటూ వయొలిన్, చెలో, ఆ తర్వాతెప్పుడో డ్రమ్స్. అయ్యాక రెండు ట్యూనింగ్ ఫోర్కులు తీశారు. ఒకదాని కొమ్ముకి కాస్త మైనం అంటించి రెండూ కలిపి మోగించారు. శబ్దం పెరుగుతూ తగ్గుతూ ఊగింది. "మైనంతో దీని ఫ్రీక్వెన్సీ తగ్గింది. తేడా నాలుగైతే సెకనుకి నాలుగు ఊపులు, వీటినే బీట్లంటారు. గిటార్ల స్వరాలు ఒరుసుకునే చోట ఇదే వినండి" అని సీడీ మళ్లీ మొదటినుంచి పెట్టారు. ఆ రోజు ల్యాబ్ రికార్డులు ఎవరివీ దిద్దలేదు. నాకు వినడం నేర్పింది ఆయనే.

ఎంసెట్, హాస్టల్, ఉద్యోగాల టెన్షన్ మీ అందరికీ ఉన్నవే. ఇప్పుడు నేను నీళ్లడుగున శబ్దాలు పట్టే పరికరాల మీద పనిచేస్తున్నాను. నా కింద ఓ చిన్న టీమ్ ఉంది. కొత్తగా చేరినవాళ్లకి మైనం ప్రయోగం నేనే చేసి చూపిస్తాను.

జీతం రావడం మొదలయ్యాక ఆ బ్యాండ్ రికార్డులన్నీ ఒక్కొక్కటే తెప్పించుకున్నాను. 1997 నాటి 'ఎఫ్ షార్ప్ ఏ షార్ప్ ఇన్ఫినిటీ' ఎల్పీ కవర్లో రైలు కింద పెట్టి నలగ్గొట్టిన నాణెం వేశారు. మర్రిపాలెం పట్టాల బ్యాచ్‌కి వేరే చెప్పాలా! ఆ రికార్డు చివరి గాడి చుట్టూ తిరిగి తనలోనే కలుస్తుంది, ముల్లు ఎత్తేదాకా మోగుతూనే ఉంటుంది. 2002 నాటి 'యాంకీ యూఎక్స్‌ఓ'ని అమెరికన్ రికార్డింగ్ ఇంజినీరు స్టీవ్ ఆల్బినీ రికార్డు చేశాడు. అది ఇంకాస్త కరుకు, నాకు మొదటి రెండే ఎక్కువ ఇష్టం. తర్వాత చాలా ఏళ్లు మౌనం. 2012లో తిరిగొచ్చిన ఆల్బమ్‌కి మరుసటి ఏడాది, కెనడాలో ఏటా ఒక మంచి ఆల్బమ్‌కిచ్చే పొలారిస్ బహుమతి ఇచ్చారు. 30,000 డాలర్లూ క్వెబెక్ జైళ్లలో ఖైదీలకి వాయిద్యాలు కొనడానికే అన్నారు వాళ్లు.

ఆ మౌనంలో వీళ్లు ఖాళీగా లేరు. గిటారిస్టు ఎఫ్రిమ్ మెనక్, బేసిస్టు థియెరీ అమార్, వయొలినిస్టు సోఫీ ట్రూడో అంతకుముందే 'ఎ సిల్వర్ మౌంట్ జయాన్' అనే ఇంకో బ్యాండ్ పెట్టారు. మెనక్ పెంచుకున్న వాండా అనే కుక్క చనిపోతే దాని జ్ఞాపకంగా చేసిన మొదటి ఆల్బమ్‌లో పియానో, వయొలినే ఎక్కువ. పెద్ద బ్యాండ్‌లో హోరు కింద దాగిన వయొలిన్ ఇక్కడ విడిగా దొరుకుతుంది. తర్వాతి రికార్డుల్లో పాడటం కూడా మొదలెట్టారు. పెర్కషన్ వాయించే బ్రూస్ కాడ్రన్ చెలిస్టు రెబెకా ఫూన్‌తో 'ఎస్మరీన్' మొదలుపెట్టాడు. ఇవి విన్నాక అసలు ఆల్బమ్ దగ్గరికి వెళ్తే ఎవరి చెయ్యి ఎక్కడ పడిందో తెలిసిపోతుంది.

ఇంజినూ, నీకు హోరు పడదు, ఎస్మరీన్‌తో మొదలుపెట్టు. పొడుగూ, నువ్వు నీ సీడీల్లోని 'స్లీప్' ట్రాకు విను. అందులో న్యూయార్క్ కోనీ ఐలాండ్ బీచ్ గురించి ఒక పెద్దాయన, ఒకప్పుడు రాత్రిళ్లు బీచ్‌లోనే పడుకునేవాళ్లం, ఇప్పుడెవరూ పడుకోవట్లేదని చెప్తాడు. ఆర్కే బీచ్ పక్కన పెరిగిన నీకు నచ్చకపోతే అడుగు. అసలు సీడీలు నీ దగ్గరే ఉన్నాయిగా, రీయూనియన్‌కి తీసుకురా. స్పీకర్లు నేను తెస్తాను.