ఎస్‌ఐ జాయింట్ ఫ్యూజన్: నా అనుభవంలో అసలు పరీక్ష ఆపరేషన్ కాదు, సూది

నడుము నొప్పి అనగానే చూపంతా డిస్కుల మీదికే పోతుంది. నా విషయంలోనూ అంతే. ఎక్కడ నొప్పి అని అడిగితే అరచెయ్యి నడుమంతా తిప్పకుండా, పిరుదు పైనుండే సొట్టకి కాస్త కింద, లోపలి వైపు ఒక్క వేలు పెట్టి చూపిస్తున్నారంటే శాక్రోఇలియాక్ (ఎస్‌ఐ) కీలును అనుమానించాలి. వెన్నెముక అడుగునుండే త్రికాస్థి, తుంటి ఎముక కలిసే చోటు అది. కదిలేదే రెండు మూడు డిగ్రీలు. కుర్చీలోంచి లేచేటప్పుడు, మంచం మీద పక్కకి ఒత్తిగిలేటప్పుడు కలుక్కుమంటుంది.

ఎమ్మారై దీన్ని తేల్చదు. డిస్కు, తుంటి కీలు, వాపు జబ్బులు కారణం కాదని చెప్పడానికే అది పనికొస్తుంది. కాలిని రకరకాలుగా మడిచి, నొక్కి చేసే పరీక్షల్లో కనీసం మూడింటిలో అదే పాత నొప్పి రావాలి. ఫిజియోథెరపీ, బెల్టు వంటివి ఆరు నెలలు వాడినా తగ్గకపోతేనే ఫ్యూజన్, అంటే ఆ కీలు కదలకుండా ఎముకల్ని అతికించే ఆపరేషన్ మాట.

అంతకుముందు, నొప్పి ఈ కీలుదేనా అని తేల్చే సూది. ఎక్స్‌రేలో చూస్తూ, రంగుమందుతో సూది కీలు లోపలే ఉందని ఖాయం చేసుకుని, ఆ చోటు మొద్దుబారేలా ఒకటి రెండు మిల్లీలీటర్ల మత్తుమందు ఎక్కిస్తారు. ఎక్కువైతే బయటికి కారి పక్కనున్నవీ మొద్దుబారతాయి, ఫలితం నమ్మలేం. సూది వేయించుకుని వెళ్లి పడుకుంటే డబ్బు దండగ. మామూలుగా నొప్పి తెప్పించే పనులే చెయ్యాలి: మెట్లెక్కడం, గట్టి కుర్చీలో కూర్చోవడం. నేను సూదికి ముందోసారి, తర్వాత నాలుగు గంటల పాటు అరగంటకోసారి నొప్పి పదికి ఎంతో రాసుకున్నాను. నొప్పి సగమైనా తగ్గాలి, ముప్పాతిక తగ్గితే మరీ మంచిది. "కొంచెం తేలిగ్గా ఉంది" అన్న జవాబుతో ఆపరేషన్‌కి ఒప్పుకోకూడదని నా గట్టి అభిప్రాయం.

ఆపరేషన్ గంట పని. బోర్లా పడుకోబెట్టి, పిరుదు పక్కన మూడు సెంటీమీటర్లు కోసి, ముందు సన్నని పిన్ను, దాని వెంబడి మామూలుగా మూడు టైటానియం ఇంప్లాంట్లు దించుతారు. ముక్కోణంగా ఉండేవైతే లోపల తిరగవు. లోతు మించితే నరం దారిలోకి పోతుంది. మెలకువ వచ్చాక కాల్లోకి కొత్తగా జివ్వున లాగితే వెంటనే చెప్పి సీటీ స్కాన్ తీయించుకోవాలి. మామూలు ఎక్స్‌రేలో అది దొరక్కపోవచ్చు. త్రికాస్థిలోకి చాలినంత దిగకపోతే నెలల తర్వాత వదులై పాత నొప్పే తిరిగొస్తుంది. సిగరెట్ మానకపోయినా ఎముక సరిగా అతుక్కోదు.

తర్వాత సర్జన్‌ని బట్టి మూడు నుంచి ఆరు వారాలు చంకకర్రలు. "కొద్దిగా బరువు పెట్టండి" అంటే ఎంతో తెలియదు కదా. బరువు తూచే మిషన్ మీద ఆ కాలు ఆనించి చూస్తే పది కిలోలంటే ఎంతో కాలికే తెలుస్తుంది. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు కర్రలతో పాటు ఆపరేషన్ కాలు ముందు. ఒత్తిగిలేటప్పుడు మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని, భుజాలు, తుంటి ఒక్కసారే తిప్పాలి. నడుమొకటి ముందు తిరిగిందో, అరుపే.

ఎముక అతుక్కోవడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది, ఆరో వారంలో నొప్పి ఉందని ఫెయిలైనట్టు కాదు. ఇంటికొచ్చేటప్పుడు ఇంప్లాంట్ల స్టిక్కర్లున్న కాగితం అడిగి తీసుకోండి. మళ్లీ ఎప్పుడు ఎమ్మారై తీయించుకోవాల్సి వచ్చినా ముందు అడిగేది దాన్నే.