బాన్ వినాయ్ నుంచి వచ్చిన గుడ్డ

నా దగ్గర హ్మాంగ్ ప్రజలు కుట్టిన ఒక కథల గుడ్డ ఉంది. ముదురు నీలి నేల మీద పైభాగాన కొండలు, మొక్కజొన్న చేలు, కోళ్లకు గింజలు చల్లుతున్న ఒక స్త్రీ. మధ్యలో విమానాలు, తుపాకులు పట్టిన సైనికులు. కిందికి వచ్చేసరికి వెదురు బొంగులను చంకల కింద పెట్టుకొని మెకాంగ్ నదిని ఈదుతున్న కుటుంబాలు. చివరి మూలలో ఒక బస్సు. అంతా దారంతో కుట్టినదే, రంగు పూసిన చోటు ఒక్కటీ లేదు. థాయ్‌లాండ్ శరణార్థి శిబిరాల్లో పుట్టిన ఇలాంటి గుడ్డల వెనక క్రైస్తవ సహాయ సంస్థల పాత్ర ఏమిటో తెలుసుకోవాలని కొంతకాలంగా చదువుతున్నాను. చదివిన కొద్దీ ఆ పని మీద గౌరవం పెరిగింది. దానితోపాటు ఒక ఇబ్బంది కూడా మనసులో మిగిలిపోయింది.

లావోస్ కొండల్లో పోడు వ్యవసాయం చేసుకునే హ్మాంగ్ యువకులకు అమెరికా గూఢచార సంస్థ సీఐఏ ఆయుధాలిచ్చి, హ్మాంగ్ సేనాని వాంగ్ పావో నాయకత్వంలో కమ్యూనిస్టుల మీద ఒక రహస్య యుద్ధం నడిపించింది. 1964 నుంచి 1973 వరకు ఆ చిన్న దేశం మీద 20 లక్షల టన్నులకు పైగా బాంబులు పడ్డాయి. కమ్యూనిస్టులది పైచేయి కావడంతో 1975 మే నెలలో వాంగ్ పావో సేనల లాంగ్ టియెంగ్ స్థావరం ఖాళీ అయినప్పుడు విమానాల్లో చోటు దొరికినది కొద్దివేల మందికే. మిగిలినవారిలో ఎందరో అడవుల గుండా నడిచి నది దాటారు. వారి కోసం థాయ్‌లాండ్‌లోని లోయి ప్రాంతంలో ఏర్పడిన బాన్ వినాయ్ శిబిరంలో ఒక దశలో 40,000 మందికి పైగా తలదాచుకున్నారు. అది 1992 వరకు నడిచింది. దున్నుకోవడానికి నేల లేని ఆ చోట సూదిపని ఒక్కటే చేతిలో మిగిలిన విద్య.

ఆ విద్యను వారు పాన్‌దావ్ అంటారు, అంటే పూలగుడ్డ. అందులో నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచేది తలకిందుల అతుకుపని. మామూలు అతుకుపనిలో రంగుముక్కను తెచ్చి పైన కుడతారు. ఇక్కడ మాత్రం పై గుడ్డను మడతపెట్టి కత్తెరతో సన్నని గాట్లు పెట్టి, ఆ అంచులను సూదిమొనతో లోపలికి మడుస్తూ కింది గుడ్డకు కుడతారు. అప్పుడు కింది రంగు నత్తగుల్ల చుట్టలాగానో ఏనుగు పాదంలాగానో బయటపడుతుంది. నేర్పరి పనిలో కుట్టు కంటికి ఆనదు. నీలి హ్మాంగ్ శాఖ స్త్రీలు తేనెమైనంతో గీతలు గీసి నీలిమందులో ముంచి బాతిక్ పని కూడా చేస్తారు. ఈ గుడ్డలు అమ్మకానికి పుట్టినవి కావు. కొత్త సంవత్సరపు పండుగకు, బిడ్డను వీపున కట్టుకోవడానికి, చనిపోయినవారిని సాగనంపడానికి పుట్టినవి.

క్రైస్తవ సంఘాలకు హ్మాంగ్ వారితో పరిచయం శిబిరాలతో మొదలైనది కాదు. క్రిస్టియన్ అండ్ మిషనరీ అలయన్స్ అనే ప్రొటెస్టంట్ సంఘానికి చెందిన మిషనరీలు 1950 నాటికే లావోస్‌లోని సియెంగ్ ఖ్వాంగ్ ప్రాంతంలో పనిచేస్తున్నారు. ఆ తరువాత మూడేళ్లలోపు ఇద్దరు ప్రొటెస్టంట్ మిషనరీలు, ఒక కథోలిక గురువు కలిసి హ్మాంగ్ భాషకు రోమన్ లిపిని కూర్చారు. సిద్ధాంతపరంగా ఎడమొహం పెడమొహంగా ఉన్న రెండు శాఖలు ఒక భాష కోసం ఒకచోట కూర్చున్నాయి కదా అని నాకు ముచ్చటేసింది. అలయన్స్ సహాయ విభాగమైన కామా శిబిరాల్లో హ్మాంగ్ స్త్రీల పనిని కొని విదేశాలకు పంపి అమ్మింది. ఆ తరువాత కామాక్రాఫ్ట్స్ పేరుతో లావోస్ రాజధాని వియంటియాన్‌లోనూ హ్మాంగ్ స్త్రీల కుట్టుపని అమ్మకానికి వచ్చింది.

బియ్యం పంచడం కంటే ఇది కష్టమైన పరిచర్య అని నా అభిప్రాయం. దారం, గుడ్డ సమకూర్చాలి, పనితనం చూడాలి, వెల కట్టాలి, ఎక్కడో ఉన్న కొనుగోలుదారును వెతకాలి, డబ్బు కుట్టిన చేతికే చేరేలా చూడాలి. బైబిలులోని యొప్పే పట్టణపు దొర్కా విధవరాండ్రకు బట్టలు కుట్టి ఇచ్చింది. ఇక్కడ విధవరాండ్రే కుట్టారు, సంఘాలు కొన్నాయి. సహాయం పొందేవారు వరుసలో చెయ్యి చాపి నిలబడడానికీ, తమ పనికి వెల అడగడానికీ ఉన్న తేడా చిన్నది కాదు. ఇంటికి డబ్బు తెచ్చేది స్త్రీ కావడంతో పురుషులు కూడా ఈ పనిలోకి వచ్చారు. కథల గుడ్డల మీద బొమ్మలు గీసింది ఎక్కువగా వారే.

ఇబ్బంది కూడా ఇక్కడే ఉంది. పాశ్చాత్యుల ఇళ్లకు నప్పవని మెరిసే గులాబీ, పసుపు, ఎరుపు రంగులు తగ్గించి లేత నీలం, గోధుమ రంగులు వాడమని సహాయ కార్యకర్తలే సలహా ఇచ్చారు. బిడ్డను కాపాడుతుందని నమ్మిన గుర్తు దిండు గలీబు మీదికి వచ్చింది. అమ్ముడుపోవాలంటే తప్పదని వారి వాదన, అది అబద్ధం కాదు. మతం సంగతి ఇంకా సున్నితమైనది. అమెరికాలో తమకు పూచీ నిలిచిన చర్చి మీది కృతజ్ఞతతో, పూర్వీకుల పూజాపీఠాన్ని వదలి బాప్తిస్మం పొందినవారు ఉన్నారు. మనస్ఫూర్తిగా నమ్మినవారూ ఉన్నారు. విశ్వాసిగా నేను రెండో మాటకు సంతోషిస్తాను, మొదటి మాట దగ్గర మాత్రం తల దించుకుంటాను.

అమెరికాలో పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ ప్రాంతానికి మెనోనైట్ అనే క్రైస్తవ శాఖ సంఘాల ఆదరణతో చేరిన హ్మాంగ్ కుటుంబాల కథ నన్ను మరీ వెంటాడుతుంది. 1980లలో అక్కడ, పాతకాలపు నిరాడంబర జీవితం గడిపే ఆమిష్ అనే క్రైస్తవ శాఖవారి బొంతలకు విపరీతమైన గిరాకీ ఉండేది. అతుకుపనిలో హ్మాంగ్ స్త్రీల నేర్పు చూసి వ్యాపారులు ఆ పని వారికే అప్పగించారు. పర్యాటకులు మాత్రం ఆమిష్ గృహిణి కుట్టినదనే నమ్మకంతో వాటిని కొని తీసుకెళ్లారు.

ఇప్పుడు ఇలాంటి గుడ్డ ఎక్కడ కనిపించినా, గీసింది ఎవరు, కుట్టింది ఎవరు, వారికి ఎంత ముట్టింది అని అమ్మేవారిని అడుగుతున్నాను. నా గుడ్డ కొన్నప్పుడు అడగలేదు. దాని మీద ఎవరి పేరూ లేదు.