కొట్టంలో కుట్టే ఈగలు: నా అనుభవం

బెంగళూరుకు తూర్పున హొసకోట దగ్గర మాకు ఎనిమిది హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్ అనే పాల జాతి) ఆవుల చిన్న డైరీ ఉంది. కిందటి వానాకాలంలో పాలు పితికే వేళ ఆవులు ఒక్కచోట నిలబడలేకపోయాయి. కాళ్ళు మార్చి మార్చి నేలకు తాటిస్తూ, తోకలు విసురుతూ, ఒక మూలకు చేరి ఒకదానినొకటి ఒరుసుకుంటూ ఉండేవి. "అన్నా, ఇది తన్నే ఆవు కాదు, దీనికేదో బాధ ఉండాది" అన్నాడు పాలు పితికే అబ్బాయి. పూటకు తొమ్మిది లీటర్లిచ్చే ఆవు ఏడుకు దిగింది.

మా అమ్మ సాయంత్రాలు వేపాకు పొగ వేసేది; పొగ ఆరగానే ఈగలు మళ్ళీ వచ్చేవి. నేను రెండుసార్లు ఆవుల వీపుల మీద మందు పిచికారీ చేశాను, నాలుగు రోజులకు మించి ఫలితం కనిపించలేదు. 2022లో లంపీ స్కిన్ వ్యాధి (ఒంటినిండా గడ్డలు లేచే జబ్బు) కర్ణాటకలో పశువులను పొట్టన పెట్టుకోవడం చూసినవాణ్ణి, దానిని కుట్టే ఈగలు కూడా మోయగలవని విన్నవాణ్ణి కనుక నాకు నిద్ర పట్టేది కాదు.

పశువైద్యుడు వచ్చి వీపు జోలికి పోకుండా ముందుకాళ్ళ దగ్గర కూర్చున్నారు. ఒక ఈగను పట్టి చూపించారు. అచ్చం ఇంటి ఈగలాగే ఉంది, కానీ తల కింద నుంచి సూదిలాంటి నల్లటి ముక్కు ముందుకు పొడుచుకొచ్చింది. ఇంటి ఈగ నాకుతుంది. ఇది గుచ్చి రక్తం తాగుతుంది, ఎక్కువగా కాళ్ళ మీదే, ఆడదీ మగదీ కూడా. కొద్ది నిమిషాలు తాగి గోడ మీద వాలి అరిగించుకుంటుంది కాబట్టి ఆవు ఒంటి మీద ఉండేది తక్కువసేపు. పైగా కాళ్ళకు తగిలిన కాస్త మందూ తడికి, మూత్రానికి కడుక్కుపోతుంది.

"ఇవి పుట్టేచోటు చూద్దాం రండి" అని మేత వేసే గాడి వెనక్కి తీసుకెళ్ళారు. ఆవులు లాగి పడేసిన గడ్డి పేడతో, మూత్రంతో కలిసి అక్కడ జానెడు మందాన మాగి ఉంది. పారతో తిరగేస్తే వెచ్చటి ఆవిరి, తెల్లటి పురుగులు, వాటి మధ్య ఆ పురుగులు ఈగలుగా మారే వడ్లగింజల్లాంటి గోధుమరంగు గూళ్ళు బయటపడ్డాయి. రోజూ పేడ ఎత్తుతున్నామన్న ధీమాతో ఆ మూలను మేమెవరమూ చూడలేదు, అందుకు నాకు నిజంగా బాధ కలిగింది.

ఆ గడ్డినంతా ఎత్తి ఎండలో పలచగా పరిచాము, తొట్టి దగ్గర కారే కుళాయి బాగు చేయించాము. వెచ్చటి రోజుల్లో గుడ్డు ఈగ కావడానికి సుమారు మూడు వారాలు పడుతుంది కాబట్టి వారానికోసారి శుభ్రం చేస్తే చాలన్నారు. మందును ఈగలు వాలే గోడలకు మాత్రమే, దాణాకూ నీళ్ళకూ తగలకుండా కొట్టాము. అప్పటికే ఎగురుతున్నవి అలాగే ఉండడంతో పది రోజులు మార్పేమీ కనబడలేదు, ఇంట్లో అందరూ నిరాశపడ్డారు. నేను మాత్రం రోజూ ఉదయం ఒకే ఆవు ముందుకాళ్ళ మీద ఈగలను లెక్కపెట్టి రాసుకున్నాను: మొదటిరోజు ముప్పైకి పైన, ఆరో వారానికి నాలుగు.

పక్క కొట్టంవాళ్ళ గడ్డికుప్ప కూడా అడుగున మాగి ఉంది. వచ్చే ఆదివారం ఇద్దరమూ కలిసి దానిని తిరగేయబోతున్నాము.