టిష్యూలో చుట్టిన పంటి ముక్క

పడుకున్నా కూడా ఆ టిష్యూ కాగితమే కళ్లముందు ఆడుతోంది. 8 ఏళ్ల పిల్లాడి ముందు పన్ను సగానికి విరిగితే, ముక్కని అంత శ్రద్ధగా వెతికి, పొడి కాగితంలో చుట్టి పళ్ల డాక్టర్ని, నా దగ్గరికి తేవడమేంటి? పాలలోనో నీళ్లలోనో వేస్తే సరిపోయేది కదా! ఎండిన ముక్క సున్నంలా తెల్లబడుతుంది, అతికించినా పట్టు తగ్గుతుంది. కనీసం 20 నిమిషాలు సెలైన్‌లో నానబెడితేగానీ తేరుకోదు. అసలు ముక్కే దొరకలేదంటే పెదవికి ఎక్స్‌రే తియ్యాలి, ఒక్కోసారి అందులోనే దిగబడి ఉంటుంది.

ముక్క నానేలోపు నరం సంగతి. విరిగిన చోట నరం బయటపడి ఎర్రచుక్కలా కనబడగానే "రూట్ కెనాల్ చేసేద్దాం" అంటారు చూడండి, అక్కడ నాకు ఒళ్లు మండుతుంది. ఈ వయసులో వేరు కొస ఇంకా మూసుకోదు, గోడలు పల్చన. నరమంతా తీసేస్తే వేరు ఎదుగుదల అక్కడితో సరి, కొన్నేళ్లకి చిన్న దెబ్బకే చిగురు దగ్గర విరుగుతుంది. పైపైన 2 మిల్లీమీటర్లు తీస్తే చాలు. నీళ్లు పడుతుండగా డైమండ్ బర్‌తో (డ్రిల్ మొన) తీసి, సెలైన్‌లో తడిపిన దూదిని 5 నిమిషాలు మెల్లగా అదిమి ఉంచాలి. రక్తం ఆగిందా, మిగతా నరాన్ని నమ్మొచ్చు. ఆగకపోతే ఇంకాస్త లోపలికి వెళ్లాలి.

దానిమీద బయోడెంటిన్, నరాన్ని కప్పే సిమెంటులాంటి మందు. అదే పనికి వాడే ఇంకో మందు ఎమ్‌టీఏ వేసిన ఓ పాప పన్ను గుర్తొస్తోంది. లోపల అంతా చక్కగా కుదిరింది, వేరు ఎదిగింది, కొస మూసుకుంది, ఎక్స్‌రే చూస్తే ముచ్చటేసేది. పాప మాత్రం ఫొటో అంటే పెదవులు బిగించేసేది. చిగురు పక్కనే బూడిదరంగు నీడ. ఎమ్‌టీఏలోని బిస్మత్ ఆక్సైడ్ చేసిన పని అది, పైన పంటి రంగు ఫిల్లింగ్, అదే కాంపోజిట్, ఎంత వేసినా తొంగి చూసేది.

ఏమైనా సరే సొంత ముక్కనే అతికించాలని రాద్దామనుకున్నా. రాస్తూంటే అంత గట్టిగా అనలేననిపిస్తోంది. అంచులు అతుక్కుపోయేలా కూర్చుంటే అదే మేలు, మందుకి చోటిచ్చేలా ముక్కని లోపలివైపు కాస్త తొలవాలంతే. మధ్యలో పెచ్చు లేచిపోతే కాంపోజిట్‌తో కట్టడమే నయం. 37 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్ ఎనామెల్ (పంటి పైపొర) మీద 30 సెకన్లు, కడిగి అతికించే బాండ్, ఆపైన 2 మిల్లీమీటర్లు మించని పొరలు. రంగు మాత్రం రబ్బర్ డ్యామ్ (ఉమ్మి తగలకుండా పన్ను చుట్టూ వేసే రబ్బరు తెర) కట్టకముందే ఎంచుకోవాలి, ఎండిన పన్ను తెల్లగా కనబడి మోసం చేస్తుంది. క్యాప్ మాట పెద్దయ్యాక.

నొప్పి లేదుగా అని మళ్లీ చూపించుకోవడం మానేస్తారు, అదొకటి. 6 వారాలకి, 3 నెలలకి, 6 నెలలకి, ఏడాదికి రావాల్సిందే. లేత పన్ను చల్లదనం పరీక్షకి సరిగా పలకదు. వేరు ఎదుగుతోందా లేదా అన్నది ఎక్స్‌రేలోనే తేలాలి.